అద్దె జాగాలో కంటైనర్ డబ్బా పెట్టి కొట్టు నడపొచ్చా?

నకిరేకల్_పోరగాడు

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన 150 గజాల జాగా లీజుకు దొరికింది, నెలకు తొమ్మిది వేలు. టీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, కొంచెం బేకరీ సామాను పెడదామని ఆలోచన. ఓనర్ మనిషి మంచోడే గానీ కాగితం పదకొండు నెలలకు మించి రాయనంటున్నాడు. ఇటుక గోడలు లేపితే అసలే ఒప్పుకోనన్నాడు. రేపు ఖాళీ చెయ్యరేమోనని ఆయన భయం.

ఒకతను కంటైనర్ షాపు చూపించాడు. ఇరవై అడుగులది, అన్నీ బిగించి 4 లక్షల 60 వేలట. "నలభై ఏళ్లు ఢోకా లేదు బ్రదర్, సముద్రాలు దాటొచ్చిన మాలు" అంటున్నాడు. మా బావేమో రెండు లక్షల్లో రేకుల షెడ్డు వేసుకోరా, ఇనుప పెట్టెలో కూచుంటే ఎండకు ఉడికిపోతావు అంటున్నాడు. మా నల్గొండ ఎండల గురించి తెలుసు కదా. ఫొటోలు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నిజంగా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: వేడి ఎట్లా ఉంటుంది, తుప్పు పడుతుందా, పెట్టిన డబ్బు గిడుతుందా?

ఖాళీ_జేబు

మా టౌన్‌లో ఒకటి పెట్టారు. నల్ల రంగు, లైట్ల దండలు, కంటైనర్ కెఫే అని బోర్డు. ఆరు నెలలకే షట్టర్ దించేశారు. బావ మాట విను.

మధురవాడ_కర్రీపాయింట్

మూతపడింది డబ్బా వల్లో కాఫీ వల్లో పైన ఆయన చెప్పలేదు. నల్ల రంగు వేశారంటే మాత్రం డబ్బా వల్లే అయ్యుంటుంది.

తమ్ముడూ, ఏడేళ్లుగా నా వ్యాపారం కంటైనర్‌లోనే, కాబట్టి నేను చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

మాది విశాఖ, మధురవాడ వైపు. కర్రీ పాయింట్. వంటంతా ఇంట్లోనే, డబ్బాలో అమ్మకం మాత్రమే. పదకొండింటికల్లా స్టీలు గిన్నెలు ఆటోలో దిగుతాయి, రెండున్నరకు అడుగు కనపడాలి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ డబ్బాలో స్టవ్వు పెట్టి వండే ధైర్యం నాకు ఈరోజుకీ లేదు.

2018 ఆగస్టులో కొన్నాను, లక్షా పదిహేను వేలకి. పోర్టు ఉన్న ఊరు కనుక యార్డు దగ్గరే, లారీ కిరాయి పెద్దగా పడలేదు. ఇరవై అడుగులంటారు గానీ అది బయటి కొలత. లోపల టేపు పెడితే పొడవు 19 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 7 అడుగుల 10. గోడలకి లోపల లైనింగ్ కొట్టించాక వెడల్పు ఏడు అడుగుల చిల్లరకి వచ్చింది. అందులో రెండు అడుగులు కౌంటర్. నేనూ, మా సహాయం అమ్మాయీ ఒకరినొకరు దాటాలంటే గిన్నె నెత్తి మీదికెత్తి పక్కకి తిరగాలి. సీలింగ్ ఫ్యాను మాట మర్చిపో, చెయ్యెత్తితే రెక్క తగులుతుంది. గోడ ఫ్యాన్లే.

వేడి సంగతి. మొదటి వేసవి, 2019 మే. లోపల ఏ లైనింగూ లేదు, పెయింటు కొట్టించి షట్టర్ పెట్టి మొదలుపెట్టేశాను. మా దగ్గర రోజూ కొనే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు. ఒకరోజు సాయంత్రం కవరు పట్టుకుని వెనక్కి వచ్చి, గొంతు పెంచకుండానే, "అమ్మా, నువ్విచ్చింది మజ్జిగ పులుసా, పులిసిన మజ్జిగా?" అన్నారు. పొద్దున పదింటికి దింపిన పులుసు ఒంటిగంటన్నరకి పాడైపోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మర్నాడు గోడకి తగిలించే థర్మామీటరు తెచ్చాను. మధ్యాహ్నం రెండింటికి బయట నీడలో 36, డబ్బాలో తల ఎత్తున 47. అప్పటినుంచీ వేసవిలో గోంగూర, పచ్చళ్లు, వేపుళ్లు తప్ప పెరుగు కలిసిన కూరలేవీ ఒంటిగంట దాటనివ్వను.

తర్వాత రెండు పనులు చేయించాను. గోడలకీ పైకప్పుకీ లోపలివైపు జీఐ ఫ్రేము కొట్టి, వేడిని ఆపే రెండంగుళాల గ్లాస్‌వూల్ పెట్టి, దాని మీద సిమెంట్ బోర్డు. ఇది అరవై వేలు. రెండోది, డబ్బా మీద అడుగున్నర ఎత్తులో పైపుల మీద రేకులు, చుట్టూ రెండడుగులు బయటికి వచ్చేలా. డబ్బాకి గొడుగు పట్టినట్టు. దీనికి అయింది ఇరవై ఎనిమిది వేలు. నన్నడిగితే అరవై వేల పని కంటే ఈ ఇరవై ఎనిమిది వేల పనే ఎక్కువ మేలు చేసింది. ఎండ అసలు ఇనుము మీదే పడదు, మధ్యలోంచి గాలి పోతుంది. ఇప్పుడు అదే మే నెలలో, అదే గంటకి లోపల 39 చూపిస్తుంది. ఏసీ లేదు. రెండు చివర్లా పైన గాలి జల్లెళ్లు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. 39 చల్లదనం కాదు, ఆ మాట నిజం. కానీ మనిషి నిలబడగలడు.

చలికాలం ఇంకో తమాషా. లైనింగ్ లేనప్పుడు డిసెంబరు పొద్దున్నే షట్టర్ ఎత్తితే లోపల వాన కురిసినట్టుండేది. రాత్రి ఇనుము చల్లబడి, లోపలి తేమంతా పైకప్పుకి చుక్కలుగా పట్టి, బిల్లు బుక్కు మీద, కవర్ల కట్టల మీద పడేది. నేను లీకేజీ అనుకుని పైన రెండుసార్లు సీలెంటు పూయించాను. డబ్బా చెమట పడుతోందని తర్వాత తెలిసింది.

ఇక షట్టర్. మొదట కోసినవాడు పొడవు గోడలో పది అడుగులు గ్యాస్ కటింగ్‌తో కోసేసి, అంచుకి సన్నటి యాంగిల్ అతికించి వెళ్లిపోయాడు. నాలుగు నెలలకి షట్టర్ సగంలో ఇరుక్కోవడం మొదలు. గ్రీజు రాశాం, పట్టాలు మార్చాం, మాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాం. చివరికి ఇంకో మేస్త్రీ దారం పట్టి చూపించాడు. నడిమధ్య పైఅంచు ముప్పావు అంగుళం కిందికి దిగింది. డబ్బాని జాకీతో లేపి, కోసిన చోట చుట్టూ నాలుగంగుళాల ఛానల్‌తో తలుపు ఫ్రేములాగా వెల్డింగ్ చేశాక కుదిరింది. మొదటే చేయించి ఉంటే సగం ఖర్చు.

కరెంటు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఒక వానరోజు షట్టర్ హ్యాండిల్ పట్టుకుంటే మోచేతిదాకా జివ్వుమంది. వైరు లోపలికి తెచ్చిన కన్నం దగ్గర రేకు అంచు వైరు తొడుగుని కోసేసింది. గది గోడలో అయితే సిమెంటు, ఇక్కడ డబ్బా మొత్తం ఒకే ఇనుము. కొనడానికొచ్చిన మనిషి కౌంటర్ మీద చెయ్యి పెడతాడు, చిన్నపిల్ల గోడకి ఆనుకుంటుంది. ఆ రోజే అమ్మకం ఆపేశాను. ఇప్పుడు రెండు మూలల నుంచి ఎర్తింగ్ పట్టీ, బొగ్గూ ఉప్పూ వేసిన ఎర్త్ పిట్, మీటరు పక్కనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), ప్రతి కన్నానికీ రబ్బరు బుష్. నువ్వు ఇంకేం తగ్గించుకున్నా ఇది తగ్గించకు.

అన్నీ కలిపి మూడు లక్షల డెబ్బై వేలు దాటింది. డబ్బా ఖరీదు అందులో మూడో వంతు కూడా కాదు. కంటైనర్ చవక అనేవాళ్లంతా ఆ మూడో వంతు గురించే మాట్లాడతారు.

మరెందుకు ఉంచుకున్నావంటావా? 2022 మార్చిలో స్థలం ఓనరు అమ్మేశాడు. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు. అదే స్థలంలో నా పక్కన ఒక టైలర్ అన్నయ్య ఇటుక గోడలు, పైన రేకులు వేసుకుని ఉండేవాడు. ఆయన రెండు తలుపులు, రేకులు విప్పుకున్నాడు, గోడలు అక్కడే పోయాయి. నేను ఆదివారం పొద్దున్నే హైడ్రాని పిలిచాను. (మీ హైదరాబాద్ హైడ్రా కాదు తమ్ముడూ, అది కూలుస్తుంది. మా హైడ్రా ఎత్తే క్రేను.) పైన రేకుల గొడుగు ముందురోజే విప్పించాం. ట్రైలర్ మీద పెట్టి కిలోమీటరున్నర దూరంలో కొత్త స్థలంలో నాలుగు మూలలకీ ముందే పోయించిన కాంక్రీట్ దిమ్మెల మీద దించారు. సోమవారం మధ్యాహ్నానికి సాంబారు అమ్మాను. హైడ్రా, ట్రైలర్, కూలీలు కలిపి 19 వేలు, దిమ్మెలకి ఇంకో 12. లోపల సిమెంట్ బోర్డు ఒకటి పగిలింది, అంతే.

కాబట్టి నా మాట: పదేళ్లకి రిజిస్టర్ చేసిచ్చే జాగా అయితే గది కట్టుకో, చల్లగా ఉంటుంది. నీది పదకొండు నెలల కాగితం. ఇక్కడ డబ్బాయే నయం. కానీ 4 లక్షల 60 వేలకి ఏమేం బిగించి ఇస్తున్నాడో ఒక్కొక్కటీ రాయించుకో.

ఆటోనగర్_వెల్డింగ్

అక్క చెప్పిన షట్టర్ కథ నేను నెలకొకటి చూస్తాను. కంటైనర్ బలం గోడల్లో ఉందనుకుంటారు. బరువు మోసేది నాలుగు మూల స్తంభాలు. ఓడలో ఒకదాని మీద ఒకటి పేర్చినా మూల మీద మూల కూచుంటుంది. గోడ రేకు మందం రెండు మిల్లీమీటర్ల లోపే, ఆ ముడతలే దానికి బిగువు. ముడతల గోడని కోసిన చోటల్లా పోయిన బిగువుని ఫ్రేముతో తిరిగి ఇవ్వాలి. పైకప్పు మీద మాత్రం ఏమీ మోపొద్దు. నీళ్ల ట్యాంకు పెడతానంటే నేను పని ఒప్పుకోను. గొడుగు పైపులు కూడా మూల స్తంభాలకే వెల్డింగ్ చెయ్యాలి, పైరేకుకి కాదు. హుద్‌హుద్ చూసిన ఊరు మాది, గాలికి రేకులు ఎట్లా లేస్తాయో కళ్లారా చూశాం.

తమ్ముడూ, ముందు అది నిజం కంటైనరేనా అడుగు. ఇప్పుడు "కంటైనర్ షాపు" అని అమ్మేవాటిల్లో చాలా వరకు స్క్వేర్ పైపుల ఫ్రేముకి కొత్త రేకు కొట్టి తయారుచేసినవే. అది మోసమని అనను, మేమూ చేస్తాం, టీ కొట్టుకి సరిపోతుంది, ఎత్తు కూడా కావలసినంత పెట్టుకోవచ్చు. కానీ ఓడ మాలు అని చెప్పి దాని రేటు తీసుకోకూడదు కదా. గుర్తు పట్టడం తేలిక. ఎనిమిది మూలల్లోనూ పోత ఉక్కు దిమ్మలాంటిది, దానికి కోలగా కన్నాలు ఉండాలి. తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉండాలి, నాలుగో అక్షరం ఎక్కువగా యూ ఉంటుంది, చివరి అంకె చుట్టూ చిన్న చదరం. 1972 నాటి అంతర్జాతీయ భద్రతా ఒప్పందం ప్రకారం కొట్టిన లోహపు ప్లేటు కూడా తలుపుకే ఉంటుంది, తయారైన నెల, ఏడాది దాని మీదే చూడొచ్చు. రంగు వేసి నంబరు చెరిపినా ప్లేటు రివెట్ల కన్నాలు దొరుకుతాయి.

తుప్పు సంగతి. కంటైనర్ ఉక్కు మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) కాదు, కోర్టెన్ అనే రకం. పైన పట్టిన చిలుమే పొరగా నిలిచి లోపలికి పోనివ్వదు అని గొప్పగా చెప్తారు. తడిసి ఆరుతూ ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. నీళ్లు నిలిచినా, ఉప్పు గాలి తగిలినా నిలవదు. అందుకే మా వైజాగ్‌లో రెండేళ్లకోసారి గీకి, ప్రైమరు కొట్టి, పెయింటు వెయ్యాలి. మీ నల్గొండలో ఆ బాధ తక్కువ. చూడాల్సినవి మూడు చోట్లు: పైకప్పు సొట్టలు, తలుపు గడప కింద, అడుగున అడ్డ బీములు. పైకప్పుకి ఒక టెస్టు ఉంది. పట్టపగలు లోపలికి వెళ్లి తలుపులు మూయించి, కాసేపు చీకట్లో నిలబడి పైకి చూడు. కన్నం ఉంటే చుక్కలా మెరుస్తుంది. బయట నీ మనిషిని పెట్టి మరీ వెళ్లు, ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు.

ఇంకొకటి. అడుగున ఉండే ప్లైవుడ్ 28 మిల్లీమీటర్లది, పురుగు పట్టకుండా మందు పట్టించినది. పైగా ఇన్నేళ్లలో దాని మీద ఏం సరుకు కారిందో మనకి తెలీదు. తినే వస్తువులు పెట్టే కొట్టయితే దాన్ని పీకెయ్యాలి, లేదా పైన బోర్డు వేసి పూర్తిగా సీలు చెయ్యాలి. ఊరికే మ్యాటు పరిచి వదిలెయ్యొద్దు.

ఖమ్మం_డాక్టర్

నాకు కంటైనర్ కొట్లతో ఆరేళ్ల పరిచయం, కానీ కొనేవాడిగా. ఎంబీబీఎస్ కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో చదివాను. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది. ఊరి ఉత్తరం అంచున దొర్దోయ్ బజారు ఉంది, సోవియట్ యూనియన్ పోయాక 1992 ప్రాంతంలో మొదలైంది. కిలోమీటరు నడిచినా అయిపోదు, అన్నీ కంటైనర్లే. రెండేసి పేర్చి ఉంటాయి: కింద కొట్టు, పైన గోడౌను. చైనా సరుకు అక్కడికొచ్చి కజకిస్తాన్‌కీ రష్యాకీ పోయేది. అంటే కంటైనర్ అందాన్ని చూసి పెట్టింది కాదు, సరుకు దిగిన పెట్టెనే కొట్టు చేసుకున్నారు. తాళం వేస్తే బందోబస్తు, అదీ వాళ్ల లెక్క.

నేను మొదటి చలికాలం కోటు అక్కడే కొన్నాను. బయట మంచు. లోపల అమ్మే ఆవిడ రెండు స్వెట్టర్లు, పైన కోటు, చేతులకి గ్లౌజులు, పక్కన టీ ఫ్లాస్కు. కొట్టు లోపల బయటికంటే చలిగా ఉంది. నాకు కోటు తొడిగి చూపిస్తూ తను వణుకుతోంది. పైన అక్క 47 డిగ్రీలు అన్నది చదివితే ఆవిడే గుర్తొచ్చింది. ఇనుప గోడ బయట ఏది ఉంటే దాన్ని రెట్టింపు చేసి ఇస్తుంది.

వాళ్ల దగ్గర నచ్చిన విషయం ఒకటి: సరుకంతా తలుపు మీదా, తలుపు బయటా వేలాడదీస్తారు. కంటైనర్ లోపలికి కొనేవాడు పెద్దగా అడుగుపెట్టడు. ఏడడుగుల వెడల్పులో మనుషుల్ని లోపలికి రమ్మంటే వాళ్లకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది.

నకిరేకల్_పోరగాడు

అక్కా, అన్నా, డాక్టర్ గారూ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. దండాలు. ఇంకొక్క డౌటు. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి, క్రీమ్ కేకులకు గాజు ఫ్రిజ్ ఒకటి పెడదామనుకున్నా. డబ్బాలో రెండు ఫ్రిజ్‌లు పెడితే లోపల చల్లగా ఉంటుంది కదా?

మధురవాడ_కర్రీపాయింట్

అయ్యో తమ్ముడూ, ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి ఎప్పుడూ చూడలేదా? లోపలి వేడి తీసి వెనకనుంచి నీ డబ్బాలోకే వదుల్తుంది. రెండు ఫ్రిజ్‌లంటే రెండు చిన్న పొయ్యిలు. నాకున్న ఒక్కదాన్నీ గొడుగు రేకుల కింద బయట పెట్టి, రాత్రి మాత్రం లోపలికి తోస్తాం, చక్రాల స్టాండు చేయించాను. క్రీమ్ కేకులు నీ ఊరి ఎండలో మొదటి ఏడాది వద్దు. రస్కులు, కారా బిస్కెట్లు, ఉస్మానియా, దిల్‌పసంద్ చాలు. ఒక వేసవి దాటాక చూసుకో.

మీటరుకి ఓనరు సంతకం ఇప్పుడే అడుగు. కొట్టు కాబట్టి కమర్షియల్ కనెక్షనే తీసుకోవాలి, పక్కింటి వైరు లాగొద్దు. రోడ్డు మార్జిన్‌లోకి ఒక్క అడుగు కూడా రానివ్వకు, గొడుగు రేకుతో సహా. డబ్బాకి కాళ్లున్నాయని నువ్వు అనుకుంటావు, తీసెయ్యమని నోటీసిచ్చేవాళ్లు కూడా అదే అనుకుంటారు.

తూర్పు పడమరలుగా పొడవు పెట్టు, కొట్టు ముఖం ఉత్తరానికి వచ్చేలా కుదిరితే ఇంకా మంచిది. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా చిన్న గోడలకే తగులుతాయి. తెల్ల రంగు వెయ్యి. ఫొటోకి నల్లది బాగుంటుందని ఎవరన్నా అంటే, ఆ ఫొటోగ్రాఫర్‌ని మే నెలలో రమ్మను.

నకిరేకల్_పోరగాడు

రెండు రోజుల తర్వాత రాస్తున్నా. నిన్న బావను వెంటబెట్టుకుని యార్డుకు పోయాను. మొదట చూపించిన 4 లక్షల 60 వేల దానికి మూలల్లో కన్నాలు లేవు, నంబరు లేదు, ప్లేటు లేదు. అన్న చెప్పిన స్క్వేర్ పైపుల మాలే. అడిగితే "అది ఇండియన్ కంటైనర్ బ్రదర్" అన్నాడు.

వెనక వరసలో అసలుది ఒకటుంది, ఖాళీ డబ్బా లక్షా నలభై చెప్పాడు. నంబరు ఉంది, ప్లేటు మీద 2006 అని ఉంది. బావను బయట నిలబెట్టి లోపలికి పోయి తలుపులు మూయించుకున్నా. పదకొండు గంటల ఎండ. రెండు నిమిషాలకే చొక్కా తడిసింది, మా బావ మాట కూడా ఉత్తది కాదు. కళ్లు చీకటికి అలవాటయ్యాక పైకి చూస్తే ఒక మూలకు ఏడు చుక్కలు, సప్తర్షి మండలంలాగా.

బయటికొచ్చి యార్డాయనకు చెప్తే పైకి కూడా చూడకుండా "వెంటిలేషన్ బ్రదర్" అన్నాడు.

ఆ ఏడు కన్నాలకు అతుకు వేయిస్తే ఎంతవుతుంది అన్నా? దాన్ని బట్టి బేరం ఆడతా.

ఆటోనగర్_వెల్డింగ్

చుక్కలన్నీ ఒకే మూలన ఉన్నాయంటే అక్కడ సొట్ట ఉంది, నీళ్లు నిలుస్తున్నాయి. ఏడు అతుకులు కాదు, ఆ ముక్క మొత్తం కోసి కొత్త రేకు వెయ్యాలి. నా దగ్గరైతే ఆరేడు వేల పని. నువ్వు పదిహేను తగ్గించమని మొదలుపెట్టు. అడుగు బీములు చూశావా? పడుకుని చూడాలి, బావకి చెప్పు.